మన వాకిట్లోది అశోకమేనా?

మా వీధిలో పదకొండు ఇళ్ళుంటే తొమ్మిదిళ్ళ గేటు పక్కన అశోకచెట్లున్నాయి. అలా అని మేమందరం అనుకుంటూ వచ్చాం. మా గేటుకి అటొకటి, ఇటొకటి నేనే నాటించాను. నర్సరీ అతను "అశోకం అమ్మగారూ, దివ్యంగా పెరుగుతుంది" అని ఇచ్చాడు. ఆ రెండో మాట మటుకు నిజమే. మేడని మించి పెరిగింది.

కిందటి వేసవి సెలవులకి మా అక్క కూతురు వచ్చింది. ఎం.ఏ. చదువుతోంది, చేతిలో కాళిదాసు నాటకానికి తెలుగు అనువాదం. వరండాలో కూర్చుని చదువుతూ చదువుతూ తలెత్తి, "పిన్నీ, మీ అశోకం ఎప్పుడు పూస్తుంది?" అంది.

"అది పూయడమేమిటే? పచ్చగా ఉంటుందంతే" అన్నాను.

"ఇందులో ఎర్రగా గుత్తులు గుత్తులు పూసిందంటున్నాడు. ఒక్కరోజూ పువ్వు కనపడని చెట్టుని పట్టుకుని ఒక రాణిగారు, ఒక రాజుగారు, ఇంతమంది ఇంత రభస చేస్తారా?"

నాకు జవాబు దొరకలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే తేలిందేమిటంటే, పదిహేనేళ్ళుగా నేను నీళ్ళు పోసి పెంచినది అసలు అశోకమే కాదు.

మన గేట్ల దగ్గర నిటారుగా, కొమ్మలన్నీ కిందికి వేలాడేసుకుని, గొడుగు ముడిచి నిలబెట్టినట్టుండే చెట్టు పేరు నరమామిడి. ఆకు పొడుగ్గా, అంచులు అలలు అలలుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. పెళ్ళిపందిళ్ళకి, సభావేదికలకి కట్టే ఆకు ఇదే. ఇదీ మన దేశపుదే, దక్షిణాదిలోనూ సింహళంలోనూ పుట్టింది, పరాయిదేం కాదు. పువ్వు కూడా పూస్తుంది, కానీ ఆకుపచ్చ రంగులో, ఆకుల మధ్య నక్షత్రాల్లా చిన్నచిన్నగా ఉంటుంది కనక వెతికితే తప్ప కంటికానదు. దీని బోదె తిన్నగా ఉంటుందని తెరచాప ఓడలకి కొయ్యలుగా వాడేవారట. అందుకే ఇంగ్లీషువాళ్ళు 'మాస్ట్ ట్రీ' అన్నారు. శాస్త్రం ప్రకారం ఇది సీతాఫలం కుటుంబానికి చెందినది. సీతమ్మవారి చుట్టరికం ఆ విధంగానైనా ఉందని సంతోషించాలి కాబోలు!

అసలు అశోకం వేరు. అది చింత, రేల వంటి కాయజాతి చెట్ల కుటుంబంలోది. మరీ ఎత్తు పెరగదు, ఇరవై ముప్ఫై అడుగులు. తల గుబురుగా, గుండ్రంగా ఉంటుంది. ఒక్కో ఈనెకి నాలుగైదు జతల ఆకులు, ఎదురెదురుగా. చిగురు చూడాలి దానిది! రాగిరంగులో మెత్తగా, ఉతికి ఆరేసిన రుమాళ్ళలా కిందికి వేలాడుతుంది. ముదిరాక గానీ లేచి నిలబడదు. మాఘఫాల్గుణాలు మొదలుకొని చైత్రందాకా పూతకాలం. పువ్వులు గుత్తులు గుత్తులుగా, చూడగానే నూరువరహాల గుత్తిని తలపిస్తాయి. కొమ్మల చివర్లే కాదు, ముదురు కొమ్మల మీద కూడా పూస్తాయి. విచ్చినప్పుడు పసుపూ నారింజా కలిసిన రంగు, రోజులు గడిచినకొద్దీ ఎరుపుకి తిరుగుతుంది. అందుచేత ఒకే గుత్తిలో పసుపు, కాషాయం, కుంకుమ మూడూ కనిపిస్తాయి. వాటిలోంచి పొడుగాటి ఎర్రని కేసరాలు బయటికి సాగి ఉంటాయి. ఇంకో వింత, మనం రేకులనుకునేవి రేకులు కావట. ఆ పువ్వుకి ఆకర్షణపత్రాలే లేవు, రక్షకపత్రాలే అలా రంగు పూసుకుని రేకుల వేషం వేస్తాయి. తియ్యని వాసన ఉంటుంది.

మన్మథుడి అయిదు బాణాల్లో ఒకటైన అశోకం ఇదీ. అరవిందం, అశోకం, చూతం, నవమల్లిక, నీలోత్పలం అని మనం చిన్నప్పుడు వల్లెవేసినప్పుడు, మా గేటు పక్కనున్న ఆకుపచ్చ స్తంభాన్ని మన్మథుడు ఎలా ఎక్కుపెడతాడో ఒక్కసారైనా ఆలోచించానా? లేదు.

ఇక మా అమ్మాయి చదివిన నాటకం సంగతి. అది కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం'. విదిశలో అగ్నిమిత్రుడి పట్టపురాణి ధారిణి. ఆవిడ తోటలో అశోకం ఒకటి పూత పట్టకుండా మొండికేసింది. అందగత్తె అయిన స్త్రీ పాదం తగిలితేగానీ అశోకం పూయదని కవుల నమ్మకం. ఆ పని రాణిగారే చెయ్యాలి. కానీ విదూషకుడి చాపల్యం వల్ల ఉయ్యాల మీంచి పడి కాలు నొప్పి చేసింది. అందుకని తన అందె ఇచ్చి పరిచారిక మాళవికని పంపింది. అయిదు రాత్రుల్లోగా చెట్టు పూస్తే నువ్వేం కోరితే అదిస్తాననీ అంది. చెలికత్తె మాళవిక పాదానికి లత్తుక దిద్దుతుంటే పొదల చాటునుంచి రాజుగారు చూడడం, ఆయన్ని రెండో రాణి ఇరావతి చూడడం, ఆ తర్వాత జరిగేది మీరు ఊహించుకోగలరు. చివరికి చెట్టు పూసింది. మాళవిక దాసి కాదు, విదర్భ రాజకుమారి అని బయటపడింది. ధారిణి మాట నిలబెట్టుకుని తన భర్తకి తనే ఆ పిల్లనిచ్చింది. ఈ నాటకం చదివినప్పుడల్లా జనం మాళవిక అందం గురించి మాట్లాడతారు గానీ, నాకు మటుకు కాలు నొప్పితో లోపల కూర్చుని, చెట్టు పూసిందన్న కబురు విన్న ధారిణే గుర్తుంటుంది. పువ్వు పూయించమని పంపింది తనే కదా!

చెట్టుకి ఇలా చేసే ఉపచారానికి 'దోహదం' అని పేరు. పొగడకి పుక్కిట పట్టిన మద్యం చల్లాలి, అశోకాన్ని పాదంతో తాకాలి, ఇలా ఒక్కో చెట్టుకి ఒక్కో మురిపెం. మన ప్రబంధకవులు కూడా వసంతవర్ణన వచ్చిందంటే దోహదాల్ని వదిలిపెట్టలేదు. మథురలో కుషాణులకాలపు రాతిస్తంభాల మీద అశోకాన్ని పాదంతో తాకుతున్న స్త్రీల బొమ్మలే ఉన్నాయి. అంతకుముందు ఆ మాటకి అర్థం వేవిళ్ళ కోరిక. కడుపులో బిడ్డ నాలుగో నెలకి వచ్చేసరికి తల్లికి రెండు హృదయాలుంటాయనీ, ఆ బిడ్డ హృదయం కోరేదే తల్లి కోరుతుందనీ సుశ్రుతుడు చెప్పాడు. అంటే చెట్టునీ గర్భిణినీ ఒక్కలాగే చూశారన్నమాట. చింతకాయ అడిగితే తెచ్చిపెట్టినట్టే, చెట్టు అడిగింది చెట్టుకి. ఇవాళ పేపరు తీస్తే ఫలానా పథకం పరిశ్రమల అభివృద్ధికి దోహదం చేస్తుందని రోజూ కనిపిస్తుంది. ఆ మాట వెనక వేవిళ్ళూ, లత్తుక పాదమూ ఉన్నాయని రాసేవారికి గానీ చదివే మనకి గానీ తట్టదు.

అశోకమనగానే మన ఇళ్ళలో మొదట తట్టేది సీతమ్మ. అశోకవనంలో సీత అశోకచెట్టు కింద కూర్చుందని చాలామంది అనుకుంటాం. వాల్మీకి అలా రాయలేదు. వనం అశోకవనమే కానీ, హనుమంతుడు సీతని చూసింది శింశుపావృక్షం కింద. చుట్టూ అశోకాలు ఎర్రగా పూసి ఉన్నాయి. శోకం లేనిది అని పేరుపెట్టుకున్న చెట్ల మధ్య అంత శోకంలో ఉన్న మనిషిని కూర్చోబెట్టడంలోనే ఉంది కవి చేసినది. అంతకుముందు అరణ్యకాండలో రాముడు కూడా సీతకోసం వెతుక్కుంటూ అశోకాన్ని పట్టుకుని, నీ పేరులాగే నన్నూ శోకం లేనివాణ్ణి చెయ్యమని అడుగుతాడు. పాపం, చెట్టేం చేస్తుంది!

బెంగాలులో చైత్రశుద్ధ షష్ఠినాడు తల్లులు పిల్లల క్షేమంకోసం అశోకమొగ్గలు తినే ఆచారం ఉంది, దాన్ని అశోకషష్ఠి అంటారు. శ్రీరామనవమికి ముందురోజు అశోకాష్టమి, ఎనిమిది మొగ్గలు నీళ్ళతో మింగుతారు. భువనేశ్వరంలో లింగరాజస్వామి రథం బయల్దేరేది ఆ రోజే. మనం నవమినాడు పానకం, వడపప్పు చేసుకుంటాం, పక్కనే ఉన్న అష్టమి మనదాకా రాలేదు.

బౌద్ధుల కథల్లోకి వెళితే ఈ చెట్టు ఇంకో రంగు చూపిస్తుంది. లుంబినిలో మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడి బుద్ధుణ్ణి కన్నదంటారు. కొన్ని గ్రంథాలు అది సాలవృక్షమంటే, కొన్ని అశోకమంటాయి. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనాయాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ లుంబినిలో ఎండిపోయిన అశోకచెట్టుని చూశానని, బోధిసత్త్వుడు పుట్టింది అక్కడేనని రాసుకున్నాడు. ఆ పుట్టుకని మన అమరావతి శిల్పులు కూడా చెక్కారు. ఆ రాయి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మాయాదేవి చెయ్యెత్తి కొమ్మ పట్టుకుని ఉంటుంది. దేవతలు చాచిన పొడుగాటి బట్టమీద బిడ్డ ఉండడు, చిట్టి పాదాల గుర్తులు మాత్రం ఉంటాయి.

రెండో కథ చెప్పాలంటే కాస్త చెయ్యి వణుకుతుంది. 'అశోకావదానం' అనే బౌద్ధగ్రంథంలో ఉంది. అశోకచక్రవర్తికి తన పేరే పెట్టుకున్న చెట్టంటే ప్రాణం. ఒకనాడు అంతఃపుర స్త్రీలతో తోటకి వెళ్ళాడు, పూసిన అశోకాన్ని చూసి మురిశాడు, నిద్రపోయాడు. ఆయన ఒళ్ళు గరుకు. ముట్టుకోవడం ఇష్టంలేని ఆ పడుచులు, ఆ కసి చెట్టుమీద తీర్చుకుని పువ్వులూ కొమ్మలూ విరిచేశారు. లేచి చూసిన రాజు అయిదువందలమందినీ తగలబెట్టించాడట. అందువల్లే చండాశోకుడనే పేరు వచ్చిందంటారు. చరిత్రకారులు దీన్ని నిజమని నమ్మరు. బౌద్ధంలోకి వచ్చాక ఎంత మారాడో చూపించడానికి, రాకముందు ఎంత క్రూరుడో పెంచి చెప్పిన కథ ఇది. నేనూ నమ్మను. కానీ రాజుని ముట్టుకోలేక చెట్టుకొమ్మ విరిచిన ఆ ఆడవాళ్ళ మనసు మటుకు కల్పన అనిపించదు. అన్నట్టు, అశోకుడు నిజంగా ఏ చెట్లు నాటించాడో ఆయన స్తంభశాసనంలోనే ఉంది. దారుల పక్కన మనుషులకీ పశువులకీ నీడనిచ్చే మర్రిచెట్లు, మామిడితోపులు. అశోకచెట్టు ఊసు అందులో లేదు. దారి పక్క ఎండలో అది నిలవదు, నీడా తేమా కోరే సుకుమారి.

ఇన్ని వందల ఏళ్ళు ఇందరు కొలిచిన చెట్టు పేరు ఎక్కడ తప్పిపోయింది? మన ఇళ్ళలోనే కాదు, శాస్త్రజ్ఞుల పుస్తకాల్లోనూ తప్పిపోయింది. ఆ కథలో మన సామర్లకోట కూడా ఉంది.

విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు కంపెనీ కొలువులో మద్రాసు వచ్చి, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. వైద్యంకంటే మొక్కల మీదే ధ్యాస. అక్కడ తోట వేసి మిరియాలు, నీలిమందు వంటివి పెంచి చూశాడు. 1787లో వచ్చిన తుఫానులో అప్పటిదాకా పోగుచేసుకున్నవి చాలా పోయాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈ దేశపు చిత్రకారుల్ని పెట్టుకుని మొక్కల బొమ్మలు గీయించాడు, ఊళ్ళో జనం చెప్పే తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. అవి కోరమాండల్ తీరపు మొక్కలనే పేరుతో 1795 నుంచి లండన్‌లో పెద్దపెద్ద సంపుటాలుగా అచ్చయ్యాయి. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధికారిగా వెళ్ళాడు. ఆ కలకత్తాలోనే న్యాయమూర్తి సర్ విలియం జోన్స్ ఉండేవాడు, 'శాకుంతలం' ఇంగ్లీషులోకి తెచ్చినాయన. పూసిన అశోకమంత వైభవంగా మరో చెట్టు ఉండదన్నంతగా ఆయన మెచ్చుకున్నాడు. అంతేకాదు, ఈ దేశపు మొక్కలకి ఈ దేశపు పేర్లే ఉండాలని గట్టిగా వాదించాడు. 1794లో ఆయన పోయాడు. రాక్స్‌బరో ఆయన మీది గౌరవంతో అశోకానికి శాస్త్రనామం పెట్టాడు. ఏమనంటారా? 'జోన్సియా అశోకా'! దేశీయ పేర్లుంచండి మహాప్రభో అన్నవాడి పేరునే తెచ్చి దేశీయ చెట్టుకి తగిలించారు.

అదీ నిలవలేదు. లినేయస్ 1767లోనే 'సరాకా' అని ఒక పేరు పెట్టి ఉన్నాడు కనక అదే ముందుది అన్నారు. దాంతో మన అశోకం 'సరాకా ఇండికా' అయి, చాలాకాలం పుస్తకాల్లో అలాగే నడిచింది. తీరా చూస్తే లినేయస్ చెప్పినది జావా వైపు పెరిగే వేరే జాతి. 1960ల చివర్లో డి వైల్డ్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఈ తిరకాసు విప్పి, మనదానికి 'సరాకా అశోకా' అని స్థిరపరిచాడు. అంటే పండితులు కూడా ఒక చెట్టు పేరుతో ఇంకో చెట్టుని పిలిచినవారేనన్నమాట. ఇది తెలిశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. మా నరమామిడికీ ఈ మధ్య, 2012లో, 'పాలియాల్థియా' అన్న పాత పేరు తీసేసి 'మోనూన్' అని పెట్టారు. పేర్ల బాధ దానికీ తప్పలేదు.

ఇళ్ళ ముందు నరమామిడి ఎలా వచ్చి కూర్చుందో ఊహించడం కష్టం కాదు. స్థలాలు చిన్నవయ్యాయి. కాంపౌండు గోడకీ మెట్లకీ మధ్య రెండడుగుల జాగాలో పైకి పెరిగేదే కానీ పక్కకి పరుచుకోనిది కావాలి. ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి, ఎదురింటి కిటికీ కనపడకుండా తెరలా ఉండాలి. నిలువెత్తు నరమామిడి ఇవన్నీ చేసిపెడుతుంది. అసలు అశోకమేమో నిదానంగా పెరుగుతుంది, మొదటి ఏళ్ళలో ఎండకి ఓర్వదు, నీళ్ళు అడుగుతుంది. విత్తనం నాలుగు రోజులు అట్టేపెడితే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. నర్సరీవాళ్ళకి ఏది తేలికో చెప్పక్కర్లేదు. పేరు మాత్రం శుభప్రదమైనది కావాలి కదా, అందుకని అశోకమన్నారు. ఉత్తరాదిలోనూ ఇదే అయింది. అక్కడ నరమామిడిని అశోక్ అనేసి, అసలుదాన్ని విడిగా 'సీతా అశోక్' అని పిలుచుకోవలసి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌కి రాష్ట్రవృక్షమూ, ఒడిశాకి రాష్ట్రపుష్పమూ ఆ సీతా అశోకే.

పేరు మారితే ఏమైంది, పచ్చగా ఉంటే చాలదా అనొచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని, అశోకారిష్టం సీసా గుర్తుకొచ్చేదాకా. మా అమ్మమ్మ అలమారలో ఎప్పుడూ ఉండేది ఆ నల్లటి సీసా. ఎవరికైనా నెలసరి ఎక్కువై నీరసపడితే భోజనం కాగానే రెండు చెంచాలు నీళ్ళు కలిపి ఇచ్చేది. అశోకం బెరడు కషాయంలో బెల్లం, ధాతకీపువ్వులు వగైరా వేసి పులియబెట్టి చేసే మందది. పదకొండో శతాబ్దపు 'చక్రదత్తం'లోనే ఆడవాళ్ళ రక్తస్రావానికి అశోకం బెరడుని పాలల్లో కాచి ఇమ్మని ఉంది. (అలాంటి బాధ ఉన్నవారు ముందు డాక్టరుకి చూపించుకోండి. సీసాతో కాలక్షేపం చెయ్యవద్దు.)

బెరడు కావాలంటే చెట్టుని ఒలవాలి. ఒక పక్కనే కొద్దికొద్దిగా తీస్తే మళ్ళీ పూడుతుంది, చుట్టూ ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. అడవిలో ఎవరిదీ కాని చెట్టుని నిదానంగా ఒలిచే ఓపిక ఎవరికుంటుంది? పడమటి కనుమల్లోనూ ఈశాన్యంలోనూ సహజంగా పెరిగే అశోకం తరిగిపోతూ వచ్చింది. 1998లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల పట్టీలోకి ఎక్కించింది. సరుకు తగ్గినా గిరాకీ తగ్గలేదు కదా. అందుకని అశోకం బెరడు పేరుతో వేరే చెట్ల బెరళ్ళు కలుస్తున్నాయని మందుల సరుకు పరీక్షించేవారు కనిపెట్టారు. వాటిల్లో ముఖ్యమైనది ఏదనుకున్నారు? మన గేటు పక్కనున్న నరమామిడి! దాన్నీ అశోకమనే పిలుస్తున్నప్పుడు, ఒలిచేవాడు అబద్ధమాడాననైనా అనుకోడు. వాకిట్లో మనం చూసీచూడకుండా ఒప్పుకున్న పేరు అలా వెళ్ళివెళ్ళి మన మందుసీసాలో తేలింది.

ఇక మా ఇంటి సంగతి. నరమామిళ్ళని కొట్టించలేదు. వాటి తప్పేముంది? కోయిలలు వాటి పళ్ళకోసం వస్తాయి, రాత్రిళ్ళు గబ్బిలాలూ వస్తాయి. పెరట్లో మామిడిచెట్టు నీడన, బట్టలుతికిన నీళ్ళు కాకుండా మంచినీళ్ళు పారేచోట, అసలు అశోకం మొక్క ఒకటి వేశాను. దానికోసం నాలుగు నర్సరీలు తిరిగాను. మూడుచోట్ల నరమామిడే చూపించారు. నాలుగోచోట ముసలాయన మాత్రం, "పువ్వు పూసేదా, పూయనిదా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన మీద నాకు గురి కుదిరింది. "ఆకు చూసి తీసుకోండమ్మా, ఈనెకి రెండు వైపులా జతలుగా ఉండాలి. తొందరపడకండి, పూతకి ఏళ్ళు పడుతుంది" అన్నాడు.

ఇంకా మోకాలెత్తే ఉంది. మొన్న చిగురు వేసింది, రాగిరంగులో, మెత్తగా తలవాల్చి. పనిమనిషి చూసి వాడిపోతోందనుకుని రెండు చెంబుల నీళ్ళు అదనంగా పోసింది. అక్క కూతురికి ఫోన్ చేసి చెబితే, "పిన్నీ, పూత మొదలయ్యే ముందు కబురు చెయ్యి, పట్టీలు పెట్టుకుని వస్తా" అంది.